వ్యాసరచనయు విద్యార్థి ధైర్యమును

అక్షరములు వ్రాయుట నేర్పుట యొకటి. తన మనస్సులోని మాటను వ్రాయుట నేర్పుట మఱియొకటి. మొదటిది చేతికి గఱపెడి విద్య; రెండవది బుద్ధికి గఱపెడి విద్య. తెలుగునాట మొదటిది చిరకాలమునుండి యున్నది. ఓనమాలు దిద్దింపని వీథిబడి లేదు. రెండవది మన పాఠశాలలలో ప్రవేశించి నూఱేండ్లు దాటినను ఇంకను వేరూనలేదు. పదియేండ్లు చదివి పరీక్షలో నుత్తీర్ణుడైన బాలుని బిలిచి, ఒక విషయమునుగూర్చి నీ యభిప్రాయ మొక పుటలో వ్రాయుమనిన, వాడు కలము చేతబట్టుకొని మన ముఖము చూచును. వానికి అభిప్రాయములు లేక కాదు. ఆటస్థలమున వాడు తోడివారితో వాదించునపుడు వినినవారి కా సంగతి తెలియును. అక్కడ నంత చుఱుకుగా నున్న బుద్ధి కాగితము నెదుట నెందులకు ముడుచుకొనిపోవుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము బాలుని తెలివితేటలలో వెదకిన దొరకదు. మన పాఠశాలల చరిత్రలో వెదకిన దొరకును. ఆ చరిత్రను గొంత పరిశీలింతము.

1822 లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో, తన యేలుబడిలోని జిల్లాలలో బడు లెన్ని గలవు, చదువువా రెందఱు, చదువునది యేమి యని విచారించి తెలుపవలసినదిగా కలెక్టరుల కుత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెలు 1823 లో పంపిన నివేదిక వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈ కాంబెలు తెలుగునకు ఇంగ్లీషులో నొక వ్యాకరణమును 1816 లోను, నిఘంటువును 1821 లోను ప్రకటించినవాడు. కావున భాష తెలియని యధికారి వ్రాసిన వ్రాతయని దానిని ద్రోసివేయుటకు వీలులేదు. ఆనాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము సీమయు జేరియుండెను. అందు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లును, వారిలో బాలికలు 60 మంది మాత్రమే యనియు నాతడు లెక్క చెప్పెను. వేలితో నిసుకలో వ్రాయించి తక్కువ ఖర్చుతో నక్షరములు నేర్పుటను, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు జెప్పించుటను ఆతడు మెచ్చుకొనెను. కాని పుస్తకముల సంగతి వచ్చినప్పుడు ఆతడు చెప్పినది మనము నేటికిని మఱవరానిది. బడులలో జదువు పుస్తకములు పద్యములు. వాని భాష మాటలాడుకొను భాష గాదు. పిల్లలు వానిని వల్లించుచున్నారే గాని యర్థమెఱుగరు. పెక్కుచోట్ల అయ్యవారును ఎఱుగడు. అని యాతని నివేదిక సారాంశము.

వీథిబడిని నిందించుట మా యుద్దేశము గాదు. అది జ్ఞాపకశక్తిని పెంచినది, లెక్కలు నేర్పినది, జాబులు, పత్రములు చదువుటయు వ్రాయుటయు నేర్పినది. గ్రామజీవనమునకు గావలసినది చాలవఱకు అది యిచ్చినది. కాని ఆ జాబునకును పత్రమునకును ఒక యచ్చు గలదు. మొదట వ్రాయవలసినది, తుద వ్రాయవలసినది ముందే యేర్పడి యుండును. నడుమ పేర్లును రూపాయలును మార్చిన జాలును. అట్టి వ్రాతలో వ్రాయువాని బుద్ధికి బనిలేదు. పద్యమును నోటితో వల్లించినట్లే పత్రమును చేతితో వల్లించుచుండిరి. "ఇది నిజమా? నీ కెట్లు తెలియును?" అని బాలుని నడిగెడు ఘట్టము ఆ చదువులో నెచ్చటను రాదు.

ఇంగ్లీషు బడులు వచ్చిన తరువాత నీలోటు తీఱవలసినది. 1854 నాటి విద్యావిషయకమైన యుత్తరువు దేశభాషలను వృద్ధి చేయవలెనని చెప్పినది. 1857 లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడినది. కాని తెలుగు చదువనగా వ్యాకరణము, పద్యమునకు బ్రతిపదార్థతాత్పర్యములు, భాషాంతరీకరణము అనునవే ముఖ్యములై నిలిచినవి. ఈ మూడింటిలో నేదియు విద్యార్థి స్వంతమాటను కోరదు. పద్యము కవిది; తాత్పర్యము పండితునిది; భాషాంతరీకరణమున భావము పరునిది. పరవస్తు చిన్నయసూరి 1853 లో ప్రకటించిన నీతిచంద్రికయు, 1858 నాటి బాలవ్యాకరణమును మన భాషకు జేసిన యుపకారము గొప్పది. తెలుగు వచనము గూడ శిల్పమువలె చెక్కదగినదని ఆయన చూపెను. అయితే, అందమైన విగ్రహమును జూచి మ్రొక్కుట సులభము. దానిని జూచి యింకొకటి చెక్కుట పదునాలుగేండ్ల బాలునికి సాధ్యము గాదు. ఆ శైలి బాలునకు మార్గమగుటకు మాఱుగా గొలబద్ద యయ్యెను. వాడేమి వ్రాసినను ఆ గొలబద్దకు దక్కువయే యగుచుండెను.

అదే కాలమున నింకొక దారియు గలదని చాలమంది యెఱుగరు. రాజమహేంద్రవరమున జిల్లా మునసబుగా నుండిన సామినేని ముద్దునరసింహము నాయుడు 1853 లో 'హితసూచని' యను వచనగ్రంథము వ్రాసెను. ఆయన మరణానంతరము 1862 లో నది యచ్చుపడెను. విద్య, వైద్యము, వివాహము, పునర్వివాహము, మంత్రములు మొదలగు విషయములను ఆయన యొక్కొక్కటిగా దీసికొని వాడుకమాటకు జేరువయైన భాషలో విచారించెను. బంగారము చేయుదుమను వారిని, మంత్రములతో రోగములు కుదుర్తుమను వారిని నమ్మవచ్చునా యని ప్రశ్నించెను. అన్నిటికంటె మాకు ముచ్చటయైనది ఆయన తన ప్రకరణములకు బెట్టిన పేరు. వానిని 'ప్రమేయములు' అనెను. న్యాయశాస్త్రమున బ్రమేయమనగా ప్రమాణముచేత తెలియదగినది. కావున ఆ పేరులోనే యొక నియమము గలదు: ఇచ్చట జెప్పబడిన ప్రతి మాటకును బ్రమాణము చూపవలసియున్నది.

తరువాత మనము ఈ రచనకు 'వ్యాసము' అను పేరు స్థిరపఱచితిమి. సంస్కృతమున సమాసమనగా సంక్షేపము; వ్యాసమనగా విస్తరించుట. ఇంగ్లీషువారి 'ఎస్సే' యను మాట ఫ్రెంచిభాషనుండి వచ్చినది. 1580 లో మాంటేను తన రచనల కా పేరు పెట్టెను. దాని యర్థము ప్రయత్నము, పరీక్షించి చూచుట. పేర్లనుబట్టి మాత్రమే యేదియు సిద్ధాంతము చేయరాదు గాని, మన బడులలో జరిగినది చూడగా ఈ మూడు పేర్లును మూడు బోధలు చేయుచున్నట్లు తోచును. ప్రమేయ మనువాడు ప్రమాణ మడుగును. ఎస్సే యనువాడు ప్రయత్నము నడుగును. వ్యాసమను మాటలోని విస్తరణమును మాత్రము మన బడి గ్రహించినది. "ఆవు సాధుజంతువు" అను వాక్యమును నలువది పంక్తులుగా సాగదీసినవాడు మంచి వ్యాసము వ్రాసినవాడయ్యెను. ఆవు నిజముగా సాధువో కాదో పాలు పితుకు తల్లి నడిగి వచ్చినవాడు ఒక్కడును లేడు.

1874 లో కందుకూరి వీరేశలింగము పంతులు 'వివేకవర్ధని'ని స్థాపించి, ప్రమేయముల దారిని మరల ద్రొక్కెను. ఆయన మొదట ఉపాధ్యాయుడు, పిదప సంస్కర్త. బడిలో జెప్పరాని పాఠమును పత్రికలో జెప్పెను. లంచములు, బాల్యవివాహములు, వేశ్యాసంపర్కము మున్నగువానినిగూర్చి పేర్లుపెట్టి, తేదీలుపెట్టి వ్రాయుట తెలుగు చదువరులకు గ్రొత్త. ఆయనయే మొదట గఠినమైన ప్రౌఢశైలిని జేపట్టి, పాఠకులకు దెలియుటయే ముఖ్యమని క్రమముగా సులభశైలికి దిగెను. 1878 లో ప్రార్థనసమాజమును స్థాపించినప్పుడును, 1881 డిసెంబరు 11 వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగించినప్పుడును ఆయన కండగా నిలిచినవారిలో విద్యార్థులు పలువురు. ఊరంతయు వెలివేయుదుమని బెదరించుచుండగా ఆ పిల్లలకు ధైర్యమెట్లు కలిగెను? వ్యాకరణసూత్రములు వల్లించుటవలన గలుగలేదు. పక్షమును బ్రతిపక్షమును అచ్చులో జదివి, తమలో దాము తర్కించుకొని, ఇది న్యాయమని తామే నిశ్చయించుకొనుటవలన గలిగినది. పరుడు చెప్పగా వచ్చిన ధైర్యము పరుడు బెదరించిన బోవును. తాను విచారించి తెలిసికొన్నదానివలన వచ్చిన ధైర్యము నిలుచును.

ఇరువదవ శతాబ్దిలో మొదటి దశాబ్ది ముగియు వేళకు మద్రాసు రాజధానిలో బరీక్షల పద్ధతి మాఱినది. దేశభాషలో స్వతంత్రరచన చేయుట విద్యార్థులకు విధి యయ్యెను. తెలుగు బాలుడు తన భాషలో దన మాట వ్రాసి చూపవలసిన యవసర మప్పుడు గలిగెను. వెంటనే ప్రశ్న పుట్టెను: ఏ తెలుగులో? 1907 ప్రాంతమున నుత్తరజిల్లాలకు బడుల తనిఖీదారుగా వచ్చిన జె. ఏ. యేట్సు, జనులు మాటలాడు భాషకును బుస్తకముల భాషకును ఇంత యంతరమేల యని యడిగియుండెను. విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాలాధ్యక్షుడైన పి. టి. శ్రీనివాసయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి ఆ ప్రశ్నను దమదిగా జేసికొనిరి.

తరువాత జరిగిన గ్రాంథిక వ్యావహారిక వివాదము అందఱు నెఱిగినదే. దానిని పండితుల కలహముగా జెప్పుకొనుట వాడుక. మేము దానిని విద్యార్థి కూర్చున్న బల్లనుండి చూడగోరుచున్నాము. 1912-13 లో స్కూలు ఫైనలు పరీక్షయందు వ్యాసమును గావ్యభాషలో గాని ఆధునికభాషలో గాని వ్రాయవచ్చునని యధికారు లనుమతించిరి. ఆధునికభాషకు మేలుబంతులుగా బ్రౌను రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్రను జూపిరి. ఈ రెండవ గ్రంథమును జూపుటలో గొప్ప యౌచిత్యము గలదు. వీరాస్వామయ్య 1830-31 సంవత్సరములలో జెన్నపట్టణమునుండి కాశికి బోయి వచ్చుచు, దారి యెట్లున్నది, నీళ్లు దొరకునా, అంగళ్లెన్ని, మజిలీకి మజిలీకి దూరమెంత యని తాను చూచినది చూచినట్లు వ్రాసికొనెను. 1838 లో నది యచ్చుపడెను. బాలుడు వ్రాయ నేర్వదలచిన నంతకన్న మంచి గురువు దొరకడు. ఏమనగా చూచినదానిని వ్రాయుటయే విమర్శకు మొదటి మెట్టు.

ఈ యనుమతి కెదురుగా నిలిచిన జయంతి రామయ్య పంతులుగారిని మూర్ఖులుగా జిత్రించువారితో మేమేకీభవింపము. ఆయన 1911 లో ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించిన మహనీయుడు. జిల్లా కొక మాట యున్న దేశములో నందఱకు నొక్క వ్రాతభాష యుండవలెననియు, అది విడిచిన బాలురకు నన్నయ తిక్కనలు దూరమగుదురనియు ఆయన భయపడెను. ఆ భయము నిరాధారము గాదు. కాని ఆ న్యాయమును బరీక్షాగదిలో బెట్టి చూడుడు. పరీక్షకు గూర్చున్న బాలునకు గాలము రెండు మూడు గంటలు. "మా ఊళ్లో నీళ్లు లేవు" అని వాని మనస్సు చెప్పుచున్నది. వాడు మొదట 'ఊళ్లో' యనరాదని జ్ఞాపకము చేసికొనవలెను. అరసున్న యెక్కడ, బండిఱ యెక్కడ, ద్రుతము నిలుచునా లోపించునా, గసడదవాదేశము వచ్చునా రాదా యని తడుముకొనవలెను. తుదకు 'గ్రామమున జలము లేదు' అని వ్రాసి యూపిరి పీల్చుకొనును. ఊరిలో నీళ్లెందులకు లేవో చెప్పుటకు వానికి గాలమును లేదు, మనస్సును లేదు. దోషము లేని వాక్యము దొరకిన జాలునని నేర్చిన బాలుడు, క్రమముగా దోషము లేని యభిప్రాయమునే వెదకును. దోషము లేని యభిప్రాయమనగా అందఱును ముందే యొప్పుకొన్నది. విమర్శ చచ్చునది అక్కడనే.

ఈ సందర్భమున గిడుగువారు చేసిన పని బాలురకు నేర్పదగిన గొప్ప పాఠము. ఆయన 1863 లో జన్మించి, 1880 లో బర్లాకిమిడి బడిలో నుపాధ్యాయుడుగా జేరెను. చుట్టుప్రక్కల కొండలలోని సవరలభాష నేర్చుకొని, దానికి వ్యాకరణ నిఘంటువులు కూర్చి, ఆ పిల్లల భాషలోనే వారికి బుస్తకములు వ్రాసి బడులు పెట్టించెను. ఇంటిమాటతోనే బడి ప్రారంభింపవలెనను న్యాయము ఆయన కక్కడ ననుభవమునకు వచ్చియుండునని తలచుట తప్పుగాదు. వివాదములో దిగినపు డాయన మొట్టమొదట అడిగినది ఒక్క ప్రశ్న: బాలుర నే భాషలో దప్పు లేకుండ వ్రాయుమనుచున్నారో, ఆ భాషలో బెద్దలు తప్పు లేకుండ వ్రాయగలుగుచున్నారా? ఆ ప్రశ్నకు సమాధానమును ఊహించి చెప్పలేదు. పండితుల గ్రంథములు తెచ్చి, వారు నమ్మిన వ్యాకరణమునే యెదుట బెట్టి, పుట పుటకును వాక్యములెత్తి చూపెను. పూర్వకవుల ప్రయోగములను, శాసనములను, ప్రాతవచనములను ఏండ్లతరబడి చేర్చెను. పెద్దల పరీక్షాపత్రములను దిద్దినవాడని ఆయనను జెప్పవచ్చును. "పెద్దలన్నారు" అని విడువక, "ప్రయోగ మేది?" అని యడుగుటయే విమర్శ. అడిగినవాడు తానే శ్రమపడి ప్రయోగమును జూపుటయే ధైర్యము. ఈ రెండును విడివిడిగా నుండలేవని ఆయన జీవితము సాక్ష్యమిచ్చుచున్నది.

1914 లో ఆ యనుమతి రద్దయ్యెను. ఆ సంవత్సరముననే గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు దన యసమ్మతిపత్రమును సమర్పించెను. మఱుసటి యేడు నవంబరు 30 వ తేదీన గీర్తిశేషుడయ్యెను. బడిలో నోడినను ఆ పక్షము బయట గెలుచుచు వచ్చెను. 1919 లో వీరేశలింగము పంతులు, తన యవసానమునకు గొలది మాసములకు ముందు, వర్తమాన వ్యావహారికాంధ్రభాషాప్రవర్తకసమాజమున కధ్యక్షుడుగా నుండ నంగీకరించెను. గిడుగువారు దానికి గార్యదర్శి. 1936 లో నవ్యసాహిత్యపరిషత్తు పుట్టెను. పత్రికలును గథలును వాడుకభాషకు మాఱెను. కాని విశ్వవిద్యాలయములలో బరిశోధనవ్యాసములు వాడుకభాషలో వ్రాయుటకు సమ్మతి లభించుసరికి 1970 ప్రాంతమయ్యెను. 1914 నుండి లెక్కించిన నేబదియేండ్లకు బైమాట. ఆ నడుమ బడిలో గూర్చున్న పిల్లలు పరీక్ష గడుచు నుపాయమును గనిపెట్టిరి. అచ్చయిన వ్యాసములు కంఠస్థము చేసిరి. కాంబెలు చూచిన వల్లింపు, పద్యమును విడిచి వచనములో బ్రవేశించినది.

ఇపుడు వ్రాతభాషకును నోటిమాటకును నాటి యంతరము లేదు. మేము పాతయలవాటున ఈ పుటలలో బ్రాతబాణి నవలంబించుచున్నాము గాని, మా తరగతిలోని పిల్లలను ఈ బాణిలో వ్రాయుమని యెన్నడును గోరము. అయినను పిల్లల భయము పోయినదా? పోలేదు. కావున భాషాసంకెల యొక్కటియే కారణము గాదని తెలియుచున్నది. ఆ సంకెలకు వెనుక నింకొక సంకెల గలదు. వ్రాసినదానిలో దప్పు వెదకుటకే గాని, వ్రాసినవాడేమి చెప్పదలచెనో వినుటకు జదువువాడు లేడు. ఎఱ్ఱసిరాతో నిండి తిరిగివచ్చిన కాగితమును జూచిన బాలునకు, 'నీ మాట మాకు గావలదు' అను నర్థమే తెలియును. పూర్వము అరసున్నకు భయపడినవాడు ఇపుడు మార్కులకు భయపడుచున్నాడు. ఇటీవల యంత్రము నడిగిన క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చుచున్నది. దానిని జూచి మన మంతగా నాశ్చర్యపడ నవసరము లేదు. అచ్చుపుస్తకము చేయుచుండిన పనినే యది మఱింత త్వరగా జేయుచున్నది. స్వంతమాట నడుగని బడిలో బరునిమాట యెక్కడనుండి వచ్చిన నేమి?

అట్లని పిల్లలు తోచినదెల్ల వ్రాసిన జాలును, వారిని మెచ్చుకొన్న ధైర్యము వచ్చునని చెప్పువారితోను మేమేకీభవింపము. గురజాడవారి కన్యాశుల్కము 1892 లో బ్రదర్శింపబడి 1897 లో నచ్చుపడినది. అందలి గిరీశమునకు ధైర్యమునకు లోటా? ఏ విషయమునైనను ఉపన్యసింపగలడు. ఏ పక్షమునైనను బూనగలడు. తన మాట నిజమా యని తన్ను దా నడిగికొనడు. శిష్యుడైన వెంకటేశమునకు ఆతడు నేర్పిన చదువు మన మెఱిగినదే. విమర్శ లేని ధైర్యము గిరీశము. ధైర్యము లేని విమర్శ పరీక్షాగదిలో వణకు బాలుడు. ఆతని వాచాలతకును వీని మౌనమునకును మందొక్కటియే. తన వాక్యమునకు దాను పూచీపడుట నేర్వవలెను. నోటిమాట గాలిలో గలియును. వ్రాసినమాట కాగితముమీద నిలిచి, మఱునాడు మనలనే ప్రశ్నించును. వ్రాతకుగల ప్రత్యేకగుణ మిదియే.

దీనిని నేర్పు పద్ధతికి మనము పరదేశములు పోవ నక్కఱలేదు. మన మీమాంసకులు ఒక్కొక్క యధికరణమును అయిదంగములుగా విభజించిరి. మొదట విషయమును జెప్పవలెను. అందు సంశయము నెత్తవలెను. ఎదుటివాని పక్షమును బూర్వపక్షముగా నిలుపవలెను. దానికి సమాధానము చెప్పవలెను. తుదకు నిర్ణయము చేయవలెను. పూర్వపక్షమును బలహీనముగా జెప్పి గెలుచుట శాస్త్రజ్ఞులకు సిగ్గు. ఈ పద్ధతిని యజ్ఞవిషయములకు వాడినవా రుండగా, చెఱువుగట్టు విషయమునకు మన పిల్లలేల వాడరాదు?

చెఱువుగట్టు అని యూరక యనలేదు. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో 'మా యూరి చెఱువు' అను విషయ మిచ్చితిమి. ఒక రైతుబిడ్డ తామరపువ్వులు, హంసలు, చల్లనిగాలి మొదలగువానితో నొకపుట నింపి తెచ్చెను. మీ చెఱువులో హంస నెపుడైన జూచితివా యని యడిగితిమి. లేదనెను. మఱి యేమి చూచితివనగా, తూము పగిలి మూడేండ్లయినదనియు, చివరిపొలములకు నీరందుట లేదనియు, తమ మడి యెండినదనియు జెప్పెను. అదియే వ్రాయుమంటిమి. "అది వ్యాసమగునా అండీ?" అని వాడడిగెను. ఆ యొక్క ప్రశ్నలో మన విద్యాచరిత్ర యంతయు నిమిడియున్నది. వ్రాసి తెచ్చెను, అక్షరదోషములు పదునెనిమిది. వానిని ముట్టుకొనక తరగతిలో జదివించితిమి. ఎగువపొలములవాని కొడుకు లేచి, ఇది యబద్ధము, చివరివారే గట్టు త్రవ్వి నీరు వదలుకొనిరనెను. అయిన నీవును వ్రాయుమంటిమి. మఱువారమునకు మొదటివాడు ఎదుటివాని మాటను దన వ్యాసములో నెత్తి వ్రాసి, తూము పగిలిన నెల యేదో తాతనడిగి, గట్టు తెగిన నెల యేదో నీరుకట్టువాని నడిగి, రెండింటికిని నడుమ దూరము లెక్కకట్టి తెచ్చెను. ఎవ్వరిది నిజమో మే మిక్కడ దీర్పుచెప్పము. ఆ బాలుడు ప్రమాణమునకై బడి విడిచి యూరిలోనికి బోయెను. అక్షరదోషములు వాడే దిద్దుకొనెను. ఏమనగా తన మాట తప్పుగా నర్థము కారాదని వానికి బట్టింపు గలిగినది.

ఈ యనుభవమునుబట్టి యుపాధ్యాయులకు నాలుగుమాటలు విన్నవింతుము. విషయమును బాలుడు కంటితో జూచిన వానిలోనుండి యిండు. కాలుష్యము, దేశభక్తి యనునవి కొన్నాళ్లు ఆగగలవు. మొదటి ప్రతిలో దప్పులు దిద్దకుడు, "నీకెట్లు తెలియును?" అను ప్రశ్న నొక్కదానిని అంచున వ్రాయుడు. ఎదుటివాని పక్షమును వాడొప్పుకొనునట్లు వ్రాయించి, పిమ్మట సమాధానము వ్రాయింపుడు. రెండవ ప్రతిని గోరుడు. అక్షరదోషములు దిద్దవలసిన కాల మదియే. బాలికలను మఱింత పట్టుదలతో వ్రాయింపుడు. కాంబెలు లెక్కలోని 60 మందికి నేటి మన తరగతులకును నడుమ సంఖ్య మాఱినదే గాని, ఆడపిల్ల తన యభిప్రాయమును జెప్పిన ముఖము చిట్లించు నలవాటు పూర్తిగా మాఱలేదు. నోట ననుమతి లేనిదానిని గాగితము ముందుగా వినును.

తరగతికి నేబదిమంది యున్నారు, పాఠము ముగియదు, పరీక్ష దగ్గఱపడినది అని మిత్రులందురు. నిజమే. మాకును అంతే యున్నారు. కాని ఏబది కాగితములను బూర్తిగా దిద్దుటకంటె ఏబది కాగితములలో నొక్కొక్క ప్రశ్న వ్రాయుటకు బట్టు కాలము తక్కువ. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు జెప్పించు పద్ధతిని రెండువందలయేండ్ల క్రిందట మన వీథిబడిలోనే కలెక్టరు మెచ్చుకొనెను. ఒకరి కాగితమును మఱియొకరు చదివి ప్రశ్నించునట్లు చేయుట ఆ పద్ధతికి గొడిగింపే.

ఈ విషయమున నష్టపోవునది మార్కులు మాత్రమే యైనచో మే మింతగా వ్రాయకుందుము. స్వంతముగా నొకపుట వ్రాయలేనివాడు అర్జీ వ్రాయుట కొకని నాశ్రయించును. ఓటు వేయుట కింకొకని మాట వినును. చేతిలోని ఫోనునకు వచ్చిన ప్రతి వదంతిని నమ్మి పదుగురికి బంపును. ముద్దునరసింహము నాయుడు బంగారము చేయువారినిగూర్చి హెచ్చరించి నూటడెబ్బదియేండ్లు దాటినది. బంగారము చేయుదుమనువారు వేషము మార్చి యింకను మన వీథులలోనే తిరుగుచున్నారు. వారి నడుగవలసిన ప్రశ్న యొక్కటియే: "నీ మాటకు బ్రమాణమేది?" ఆ ప్రశ్నను దన వాక్యమునే యడిగి యలవాటుపడిన బాలుడు పెద్దవాడైన పిమ్మట నెవ్వనినైనను అడుగగలడు. ఆ యలవాటు చేయుటకు మనకు గావలసిన సాధనములు ఒక కాగితము, ఒక కలము, వినుటకు నోపికగల యొక యుపాధ్యాయుడు. మొదటి రెండును ప్రతి బడిలో నున్నవి.